పిల్లల కథలో జాతి వివక్ష, ఆ తర్వాత స్నేహం: నమ్మేలా రాయాలంటే?

మీ కథలో ఒక అమ్మాయిని రంగు చూసి ఏడిపించిన అబ్బాయి వాగులో పడతాడు, ఆ అమ్మాయే కాపాడుతుంది, ఇద్దరూ స్నేహితులైపోతారు. చదివినవాళ్ళు నమ్మడం లేదు, ఏం మార్చాలి అని అడిగారు. ముందు ఆ వాగు సీన్ తీసేయండి. ప్రాణానికి తెగించి కాపాడితేనే ఆ పిల్లకు మర్యాద దక్కుతుందన్న అర్థం వస్తోంది అందులో. ఆమెకు ఈత రాకపోతే ఏడిపించినా పర్వాలేదా?

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు వేరే దేశం నుంచి వచ్చిన ఒక నల్లజాతి అమ్మాయి మా క్లాసులో చేరింది. నా పక్కనే కూర్చోబెట్టారు. రెండో రోజు నేను రబ్బరు తీసి ఆమె చేతి మీద రుద్దాను, రంగు పోతుందేమో చూద్దామని. వెనక బెంచీవాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వారని మళ్ళీ రుద్దాను. ఆమె చెయ్యి లాక్కోలేదు. చేతి మీది రబ్బరు పొట్టు ఊదేసుకుని, పుస్తకం వైపు తిరిగింది.

మొదటిసారి రుద్దింది తెలియక. రెండోసారి నవ్వుల కోసం. మీ కథకు ప్రాణం ఈ రెండింటి మధ్యే ఉందని నా నమ్మకం.

ఇలా ఏడిపించే మాటలు పిల్లలకు ఎక్కడినుంచి వస్తాయో కూడా కాస్త చూపించండి. 1960లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో తెల్లవాళ్ళ బడిలో చేరిన ఆరేళ్ళ నల్లజాతి పాప రూబీ బ్రిడ్జెస్‌తో ఒక అబ్బాయి, నీతో ఆడుకోవద్దని మా అమ్మ చెప్పింది అన్నాడట. తనను ఎందుకు దూరం పెడుతున్నారో అప్పుడే అర్థమైందని ఆమె పెద్దయ్యాక చెప్పారు. ఆ అబ్బాయి మాటలో కోపం లేదు. ఇంట్లో విన్నది అప్పజెప్పాడు, అంతే.

ఇక ఇద్దరూ రాజీపడే సంగతి. మా టీచర్ తిట్టలేదు. ఇద్దరికీ కలిపి ఒకటే పెద్ద కాగితం ఇచ్చి నది మ్యాప్ గీయమన్నారు. ఉపనదుల పేర్లున్న చీటీ ఆమెకు, ఊళ్ళ పేర్లున్నది నాకు. అడగక తప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత చదివాను, 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో నల్ల, తెల్ల పిల్లల్ని ఒకే బడిలో కలిపాక గొడవలు ముదిరితే, ఎలియట్ అరోన్సన్ అనే మనస్తత్వవేత్త ఇలాంటి పద్ధతే పెట్టాడని: పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తే, పక్కవాడి ముక్క వింటే తప్ప ఎవరికీ పాఠం పూర్తవదు.

అయితే మ్యాప్ గీసినంత మాత్రాన మేం స్నేహితులం కాలేదు. ఈ ఆలస్యాన్ని మీ కథలో తప్పకుండా ఉంచండి. కొన్ని నెలలకు, ఎవరూ లేనప్పుడు సారీ చెప్పాను. ఆమె అంది, "నొప్పి పుట్టలేదు. కానీ అందరూ చూశారు."

అందరి ముందూ చేసిన తప్పుకు చాటుగా సారీ సరిపోలేదు. మీ అబ్బాయి చేత కూడా అందరూ చూస్తుండగానే ఏదైనా చేయించండి, అది చిన్నదైనా సరే. నేను మర్నాడు వెనక బెంచీవాళ్ళు వినేలా ఇంకోసారి చెప్పాను. వాళ్ళు మళ్ళీ నవ్వారు, ఈసారి నన్ను చూసి. ఆమె తన స్కేలు నా వైపు జరిపింది.