బోరింగు చేయించిన ఇంజను సెల్ఫ్‌కు బరువుగా తిరుగుతుంటే

ప్రశ్న: మా నాలుగు సిలిండర్ల డీజిల్ వ్యానులో గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలుతుంటాము. ఆయిల్ తాగుతూ పొగ ఎక్కువగా వదులుతోందని ఇంజను దింపించి, బోరింగు (అరిగిన సిలిండర్లను లోపల తొలిచి సరిచేసే పని) చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించి, రంగు కూడా కొట్టించాము. అప్పటి నుంచి సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) కొడితే ఇంజను మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతోంది. కొత్త బ్యాటరీ పెట్టినా తేడా లేదు. తోస్తే మాత్రం వెంటనే అందుకుంటోంది. వరుసగా సెల్ఫ్ కొడితే యాక్సిలరేటర్ కేబుల్ దగ్గర కాలిన వాసన వస్తోంది. కొత్త ఇంజను టైటుగానే ఉంటుందని, తిరిగే కొద్దీ సర్దుకుంటుందని మెకానిక్ అంటున్నారు. ఇంజను మళ్లీ విప్పించాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇప్పుడే విప్పించవద్దు. మీ ఉత్తరంలోని రెండు విషయాలు దోషం ఇంజను లోపల కంటే బయట, ఎర్తు దారిలో ఉండే అవకాశమే ఎక్కువని చెబుతున్నాయి. తోస్తే వెంటనే అందుకునే ఇంజను పట్టేసినంత టైటుగా ఉండదు. ఇక ఆ కాలిన వాసన మరీ ముఖ్యమైనది. సెల్ఫ్ మోటారు తీసుకునే వందల ఆంపియర్ల కరెంటు ఇంజను బ్లాకు నుంచి ఎర్తు పట్టీ ద్వారా ఛాసిస్‌కు, అక్కడి నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి చేరాలి. ఇంజను ఎక్కించేటప్పుడు ఆ పట్టీ బిగించడం మరిచినా, కొత్త రంగు మీదనే బోల్టు వేసినా, కరెంటు దొరికిన దారినల్లా వెతుక్కుంటుంది. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉన్న సన్నని ఇనుప తీగ యాక్సిలరేటర్ కేబులే కాబట్టి అది కాలిపోతుంది. లోపల ప్లాస్టిక్ కరిగిన కేబుల్ నడుస్తుండగా పట్టుకుపోతే యాక్సిలరేటర్ తగ్గదు. అందువల్ల లోపం సరిచేసి, ఆ కేబుల్ మార్చేవరకు దయచేసి లోడుతో రోడ్డెక్కవద్దు.

నిర్ధారించుకోవడానికి ఒక మంచి జంపర్ కేబుల్ చాలు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్యాటరీ నెగెటివ్ కొమ్ము నుంచి నేరుగా సెల్ఫ్ మోటారు బాడీకి, రంగు లేని చోట తగిలించి సెల్ఫ్ కొట్టండి. ఇంజను చురుగ్గా తిరిగితే దోషం దొరికినట్లే.

మల్టీమీటరు ఉంటే ఎక్కడ ఎంత పోతోందో కూడా తెలుస్తుంది. ఇంజను స్టార్టు కాకుండా స్టాప్ లివరు లాగి పట్టుకుని, మరొకరు సెల్ఫ్ కొడుతుండగా, మీటరు ఒక పిన్నును బ్యాటరీ నెగెటివ్ సీసపు కొమ్ము మీదనే (క్లాంపు మీద కాదు), రెండో పిన్నును బ్లాకు లోహం మీద ఆనించండి. 0.2 వోల్టుల చుట్టుపక్కల చూపితే ఎర్తు బాగున్నట్లు. అర వోల్టు దాటితే పనికిరాదు. 300 ఆంపియర్ల కరెంటు పారే చోట ఓములో నూరో వంతు అడ్డు ఉన్నా 3 వోల్టులు అక్కడే పోతాయి, అంటే 12 వోల్టుల బండిలో నాలుగో వంతు. బ్లాకు తర్వాత పిన్నును సెల్ఫ్ మోటారు బాడీకి మార్చి చూడండి. సెల్ఫ్ మోటారుకు ఎర్తు దాని ఫ్లాంజి (బోల్టులు బిగించే అంచు) ద్వారానే అందుతుంది కనుక, అది కూర్చునే బెల్ హౌసింగు (క్లచ్‌ను కప్పి ఉండే పెట్టె) ముఖానికి కూడా రంగు కొట్టి ఉంటే తేడా అక్కడ బయటపడుతుంది. ఆ ముఖాలనూ, పట్టీ కూర్చునే చోటునూ మెరిసేదాకా గీకి బిగించాలి. పాజిటివ్ కొమ్ము నుంచి సెల్ఫ్ మోటారు లావు స్టడ్డు వరకు కూడా అర వోల్టుకు మించి పోకూడదు. పైన రబ్బరు లావుగా, లోపల రాగి పలుచగా ఉండే కేబుళ్లు కొందరు అమ్ముతుంటారు. చివర కోసి చూడకుండా కొనవద్దు.

ఇవన్నీ సరిగా ఉండి, సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ కొమ్ముల మధ్య 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతుంటే ముందు బ్యాటరీ చార్జింగు, తర్వాత సెల్ఫ్ మోటారు బుష్షులు చూడండి. బుష్షులు అరిగితే ఆర్మేచరు (మోటారులో తిరిగే భాగం) ఫీల్డు కాయిళ్లను పట్టి ఉంచే ఇనుప దిమ్మలకు రాసుకుంటుంది. ఆ తర్వాతే ఇంజను సంగతి. ఇంజెక్టర్లన్నీ తీసి, క్రాంకు పుల్లీ బోల్టుకు పొడవాటి పానా వేసి తిప్పండి. కొత్త రింగుల వల్ల చుట్టంతా ఒకే తీరుగా బరువుండడం సహజం. ప్రతి చుట్టులో ఒకే చోట పట్టేస్తుంటే లోపలి బిగింపులో తప్పు జరిగిందేమోనని అనుమానించాలి. ఇంజెక్టరు రంధ్రం నుంచి నీళ్లు చిమ్మితే హెడ్ గ్యాస్కెట్ సంగతి తేల్చుకునే దాకా సెల్ఫ్ కొట్టవద్దు, కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. క్లచ్ తొక్కినప్పుడు మాత్రమే ఇంజను ఇంకా బరువెక్కితే థ్రస్ట్ వాషర్లు (క్రాంకు ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేవి) చూపించండి.

‘తిరిగితే సర్దుకుంటుంది’ అన్న మాటను నేను ఒప్పుకోలేను. బిగువు కొంత తగ్గే మాట నిజమే కానీ, సెల్ఫ్ అందుకోలేక తోయించుకునే స్థితి రన్నింగులో సర్దుకునేది కాదు.

ప్రశ్న: బోరింగు చేయించిన మా పాత పెట్రోలు కారు ఉదయం బాగా స్టార్టవుతోంది. ఎండలో తిరిగి బంకులో ఆపితే మాత్రం సెల్ఫ్ ఎదురు తన్నినట్లు ఆగి ఆగి తిరుగుతోంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీది డిస్ట్రిబ్యూటరు ఉన్న ఇంజను అయితే, వేడిగా ఉన్నప్పుడే, కాయిల్‌కు వెళ్లే సన్నని ఇగ్నిషన్ వైరు తీసి సెల్ఫ్ కొట్టించి చూడండి. నున్నగా తిరిగితే ఇగ్నిషన్ టైమింగు ముందుకు జరిగి ఉందన్నమాట; ఆటోనగర్‌లో టైమింగు లైటు ఉన్న ఎవరితోనైనా బండి మాన్యువల్‌లోని డిగ్రీలకు పెట్టించండి. అప్పటికీ బరువుగానే ఉంటే, సైలెన్సరు మానిఫోల్డుకూ సెల్ఫ్ మోటారుకూ మధ్య ఉండే రేకు కవరును ఇంజను ఎక్కించేటప్పుడు తిరిగి బిగించారో లేదో చూడండి. చిన్న రేకే కదా అని చాలామంది పక్కన పడేస్తుంటారు. రాగి ప్రతి డిగ్రీకీ 0.4 శాతం చొప్పున ఎక్కువ అడ్డు చూపుతుంది కాబట్టి, 50 డిగ్రీలు వేడెక్కిన మోటారు వైండింగులో ఆ అడ్డు 20 శాతం పెరుగుతుంది. ఆ రేకు కూడా ఉండి ఇబ్బంది తీరకపోతే, రింగుల గ్యాపు (రింగు రెండు కొసల మధ్య ఖాళీ) ఎంత ఉంచారో బోరింగు చేసినవారిని అడగండి. 75 మిల్లీమీటర్ల బోరుకు సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉండాలి.