శిస్తు రసీదు దగ్గర మొదలుపెట్టు

చి. అమ్మాయికి,

నీ కథ రెండుసార్లు చదివాను. అమెరికాలో, కొలంబస్‌లో మీ పక్క అపార్ట్‌మెంట్లలో భూటాన్ నుంచి వచ్చిన నేపాలీ కుటుంబాలు ఉంటాయని, అక్కడి పెద్దాయన ఒకరితో పరిచయమయ్యాక ఈ కథ రాయకుండా ఉండలేకపోయావని చెప్పావు. ఆ తపన కథలో కనిపిస్తోంది. తెలుగులో వాళ్ల గురించి నేను చదివింది చాలా తక్కువ. అందుకే ఈ కథ బాగా రావాలని నాకూ ఆత్రంగా ఉంది, మొహమాటం పక్కన పెట్టి చెబుతున్నాను.

మొదటి నాలుగు పేజీలు తీసెయ్. అర్ధరాత్రి కాగడాలు, కత్తులు, తగలబడుతున్న గుడి, మైకుల్లో బెదిరింపులు... ఇవి నీకు వేరే చరిత్రల నుంచి వచ్చాయి. 1946లో బెంగాల్‌లోని నౌఖాలీ, 1990 జనవరి కాశ్మీర్ లోయ మనం వింటూ పెరిగినవి. హిందువుల్ని తరిమేశారు అనగానే మనసు ఆ దృశ్యాల్నే ముందుకు తోస్తుంది. దక్షిణ భూటాన్‌లో ల్హోత్‌షాంపాల మీదికి, అంటే అక్కడి నేపాలీ మాట్లాడేవాళ్ల మీదికి, ముందుగా వచ్చినవి చట్టాలు, జనాభా లెక్కలు, ఫారాలు. సైన్యం ఆ తర్వాత వచ్చింది. అరెస్టులు, చిత్రహింసలు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి, వాటిని దాచమని అనను. కానీ ఒకరి గాయం తెచ్చి ఇంకొకరి ఒంటి మీద అతికిస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

నీ కథలో ప్రాణమున్న చోటు ఒక్కటే: తాత ట్రంకు పెట్టె అడుగు నుంచి శిస్తు రసీదు తీసి, మడతలు విప్పి, అధికారి ముందు పెట్టడం. దాన్ని మూడు వాక్యాల్లో ముగించి పరిగెత్తావు. అక్కడ ఆగాలి.

వాళ్ల పూర్వీకులు పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే వెళ్లి ఆ కొండల దిగువన మలేరియా అడవులు కొట్టి పొలాలు చేసుకున్నారు. వరి, ఏలకులు, కమలా తోటలు. 1958లో చట్టం చేసి పౌరసత్వం ఇచ్చిన రాజ్యమే 1985లో ఇంకో చట్టం తెచ్చి, 1958 డిసెంబర్ 31 నాటికే దేశంలో ఉన్నట్టు రుజువు చూపించమంది. 1988లో దక్షిణ జిల్లాల్లో లెక్కలు మొదలయ్యాయి. సరిగ్గా 1958 నాటి శిస్తు రసీదే కావాలన్నారు. అంతకు ముందు ఏళ్ల రసీదులు చూపినా ఒప్పుకోలేదని ఎంతోమంది చెప్పారు. ముప్పై ఏళ్లనాటి కాగితం, వానలు ఎక్కువగా పడే కొండల్లో, గడ్డి కప్పిన ఇళ్లలో! పాసుపుస్తకంలో ఒక అక్షరం తప్పు పడితే ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో తెలిసిన మన పాఠకుడికి ఈ టెన్షన్ నువ్వు వివరించనక్కర్లేదు. రసీదును అతని చేతిలో పెట్టు చాలు.

లెక్కల్లో మనుషుల్ని ఎఫ్1 నుంచి ఎఫ్7 వరకు ఏడు రకాలుగా విడగొట్టారు. ఎఫ్1 అసలు భూటానీలు, ఎఫ్7 పరాయివాళ్లు. భర్త ఎఫ్1, డార్జిలింగ్ నుంచి వచ్చిన కోడలు ఎఫ్4, అంటే భూటానీని పెళ్లాడిన పరాయి దేశపు మనిషి. ఒకే పొయ్యి దగ్గర అన్నం తినేవాళ్లు రెండు జాబితాల్లో పడ్డారు. ఆ రాత్రి ఆ ఇంట్లో అత్త కోడలితో ఏమని ఉంటుంది? అది నువ్వే రాయాలి.

ఇంకో సంగతి. ఊరు వదిలేముందు, ఇష్టపూర్వకంగానే వెళ్తున్నామని వాళ్లతో ఫారాల మీద సంతకాలు పెట్టించారు. ఫొటో తీసేటప్పుడు పళ్లు కనబడేలా నవ్వమన్నారని ఒకాయన మానవ హక్కుల వాళ్లకు చెప్పాడు. దీని ముందు నీ కాగడాలు ఏపాటివి? నువ్వు గనక ఇది వాడుకుంటే పక్కన ఒక్క విశేషణం కూడా చేర్చకు.

మతం గురించి జాగ్రత్త. వాళ్లలో ఎక్కువమంది హిందువులు, నిజమే. బౌద్ధులైన తమాంగ్‌లు, గురుంగ్‌లు కూడా అదే దారి పట్టారు. 1989లో పడిన ఆంక్షలు ముందుగా బట్టల మీద, భాష మీద: దక్షిణాది ఎండల్లో కూడా ఘో, కిరా అనే భూటానీ దుస్తులే కట్టుకోమన్నారు, బళ్లలో నేపాలీ పాఠం ఎత్తేశారు. పాలకుల భయం కూడా నీ కథలో ఉండాలి. నేపాలీలు ఎక్కువగా ఉన్న సిక్కిం 1975లో ఇండియాలో కలిసింది, ఎనభైల్లో పక్కనే డార్జిలింగ్‌లో నేపాలీలకు ప్రత్యేక రాష్ట్రం కావాలని గూర్ఖాలాండ్ ఉద్యమం రేగింది. ఈ చట్టాలకు, ఆంక్షలకు వ్యతిరేకంగా 1990లో జరిగిన ప్రదర్శనల రోజుల్లో ఆందోళనకారుల వైపు నుంచీ హింస జరిగింది. ఇవన్నీ చెప్పినా లక్షమందిని వెళ్లగొట్టడం న్యాయమైపోదు. చెప్పకపోతే మాత్రం నీ కథ కరపత్రమవుతుంది. పైగా, స్థూల జాతీయ ఆనందం అంటూ లోకమంతా మెచ్చుకున్న దేశంలో ఇది జరిగింది. మనం టూర్ ప్యాకేజీలో చూసొచ్చే భూటాన్ అదే.

మన దేశాన్నీ వదిలిపెట్టకు. వాళ్లను ఎక్కించుకున్న లారీలు మన రోడ్ల మీదుగానే నేపాల్ సరిహద్దులోని మేచీ నది దాకా నడిచాయి. ఇండియా ఈ తగువులో తలదూర్చలేదు, వాళ్లను ఉండనివ్వనూ లేదు. 2007లో సొంత దేశానికి నడిచి వెళ్తామని బయల్దేరినవాళ్లను మేచీ వంతెన మీద ఆపింది మన బలగాలే.

నేపాల్ శిబిరాలను ఒక పేరాలో దాటించావు. ఝాపా, మొరంగ్ జిల్లాల్లో ఏడు శిబిరాలు, వెదురు గుడిసెలు, రేషన్ బియ్యం. దాదాపు పద్దెనిమిదేళ్లు. నేపాల్, భూటాన్ ఎన్ని విడతలు మాట్లాడుకున్నా ఆ ఒప్పందాల కింద ఒక్క కుటుంబమూ భూటాన్ తిరిగి వెళ్లలేదు. 2008 నుంచి వేరే దేశాల్లో స్థిరపడటానికి విమానాలెక్కినవాళ్లు లక్షా పదమూడు వేలకు పైనే, అందులో అమెరికాకే 96 వేలు. అక్కడికొచ్చాక వాళ్లలో ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్నాయని 2012లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థే అధ్యయనం చేసి చెప్పింది. అందుకే నీ ముగింపు, ఆ 'కొత్త జీవితం' పేరా, నేను నమ్మలేకపోయాను. ఆ పెద్దాయన ఇంట్లో పగలంతా ఎవరుంటారో, ఆయన ఎవరితో మాట్లాడతాడో నీకు తెలుసు కదా, అది రాయి.

పేర్లు, ఊళ్లు మార్చు. అందరూ వచ్చేయలేదు. అన్నదమ్ములు, ఆడపడుచులు చాలామందికి ఇంకా భూటాన్‌లోనే ఉన్నారు. 2025లో అమెరికా కొందరిని భూటాన్‌కు తిప్పి పంపితే, ఆ దేశం వాళ్లను మళ్లీ సరిహద్దు దాటించేసింది. నీ కథ వల్ల ఎవరికీ చిక్కు రాకూడదు.

ఈసారి నాకు పంపేముందు పెద్దాయనకు చదివి వినిపించు. మనవరాలు నేపాలీలో చెబుతుంది కదా. ఆయన ఎక్కడ అడ్డుపడితే అక్కడ నీ వాక్యం కొట్టేసి ఆయన మాట రాసుకో. సంక్రాంతి లోపు పంపితే తీరిగ్గా చూస్తాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు