జీడిపిక్కల బస్తా పోతే అది ఏ నేరం?

ప్రశ్న: మాది టెక్కలి. మా అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. లాసెట్ రాసి, లా చదివి, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ) అవుతానంటోంది. తెలిసినవాళ్లు ఇచ్చిన పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) పుస్తకంలో సెక్షన్లు బట్టీ పడుతోంది. మోడల్ పేపర్లలో మాత్రం క్రిమినల్ లా ప్రశ్నలే తప్పుతున్నాయి. పుస్తకం మార్చాలా, పద్ధతి మార్చాలా?

జవాబు: ముందు పద్ధతి మార్చాలి. కొత్త పుస్తకమూ కొనండి, కానీ పాతది పారేయకండి. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్పీసీ (నేర విచారణ స్మృతి) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ 2024 జులై 1న అమల్లోకి వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి మాత్రం ఇప్పటికీ ఐపీసీయే. నేరం జరిగిన రోజున ఏ చట్టం ఉందో దాని ప్రకారమే శిక్ష పడాలన్నది రాజ్యాంగం 20వ అధికరణ. మీ అమ్మాయి నల్లకోటు వేసుకునే నాటికీ ఆ పాత కేసులు, వాటి అప్పీళ్లు నడుస్తూనే ఉంటాయి.

ఇక మార్కులు ఎందుకు పోతున్నాయో చూద్దాం. లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. అందులో 60 న్యాయశాస్త్ర అభిరుచికి సంబంధించినవే. చిన్న సంఘటన చెప్పి ఇది ఏ నేరమని అడిగితే నంబరు అక్కరకు రాదు. ప్రతి నేరాన్నీ విడదీసి, ఏయే అంశాలు కలిస్తే అది ఆ నేరమవుతుందో చూడడం రావాలి.

పలాసలో ఓ వ్యాపారి పెరట్లో ఆరబోసిన జీడిపిక్కల్లోంచి బయటివాడొకడు ఓ బస్తా ఎత్తుకుపోయాడనుకోండి. అది దొంగతనం, న్యాయ సంహితలో 303వ సెక్షన్. చరాస్తి, అది ఇంకొకరి స్వాధీనంలో ఉండడం, వాళ్ల సమ్మతి లేకపోవడం, అక్రమంగా పొందాలన్న దురుద్దేశం, వస్తువును కదిలించడం... ఈ అయిదూ ఉండాలి. అదే బస్తాను లారీ డ్రైవరుకు నమ్మి అప్పగిస్తే, అతను దారిలో అమ్ముకుంటే అది నమ్మకద్రోహం, 316. డబ్బు రేపు ఇస్తానని ముందునుంచే ఎగ్గొట్టే ఉద్దేశంతో నమ్మబలికి తీసుకెళితే మోసం, 318. ఎత్తుకుపోతూ అడ్డొచ్చిన కాపలాదారును కొడితే దోపిడీ, 309. ఆ దోపిడీకి దిగినవాళ్లు అయిదుగురు, అంతకు మించి ఉంటే బందిపోటు, 310. బస్తా ఒకటే, నేరాలు అయిదు! పిల్లలు ఎక్కువగా తడబడేది నమ్మకద్రోహం, మోసాల దగ్గర. వస్తువు చేతికొచ్చే ముందే కపటం ఉంటే మోసం. నమ్మకంగా చేతికొచ్చాక బుద్ధి మారితే నమ్మకద్రోహం. ఇదొక్కటి పట్టుకుంటే చాలా ప్రశ్నలు విడిపోతాయి. ఉద్దానం పిల్లలకు ఇంకోటి: కొబ్బరికాయ చెట్టున ఉన్నంతసేపూ చరాస్తి కాదు, దాన్ని దొంగిలించడం కుదరదు. కోసిన క్షణం నుంచీ అది దొంగతనానికి లోబడే వస్తువే.

ఉద్దేశం వేరు, కారణం వేరు. బిడ్డ మందుల కోసం దొంగిలించాననడం కారణం. దొంగతనం రుజువు కావడానికి అది అక్కర్లేదు, శిక్ష తగ్గించే దగ్గర న్యాయమూర్తి చూడవచ్చు.

మాటల విషయంలోనూ జాగ్రత్త పడమనండి. నాన్ బెయిలబుల్ అంటే బెయిలు రాదని కాదు. బెయిలబుల్ నేరంలో బెయిలు హక్కు. నాన్ బెయిలబుల్‌లో కోర్టు విచక్షణ. కాగ్నిజబుల్ అంటే వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగే నేరం. పోలీసులు దర్యాప్తు ముగించి వేసేది చార్జిషీటు. ముద్దాయికి చదివి వినిపించి కోర్టు ఖరారు చేసేది చార్జి, అంటే అభియోగం. ఈ రెండింటినీ లా విద్యార్థులు కూడా కలిపేస్తారు. అభియోగానికి ముందే కేసు నిలవదని తేలితే డిశ్చార్జి, విచారణ తర్వాత రుజువు కాకపోతే నిర్దోషిగా విడుదల. రిమాండుకు పంపిన నాటి నుంచి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే ముద్దాయికి బెయిలు హక్కుగా వస్తుంది, కేసు మాత్రం పోదు. రేపు ప్రాసిక్యూటరు కుర్చీలో కూర్చునే మనిషికి ఈ తేదీల లెక్క ప్రాణం.

దారి ఇదీ: డిగ్రీలో ఓసీలకు 45 శాతం ఉంటే మూడేళ్ల ఎల్ఎల్‌బీకి అర్హత, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు సడలింపు ఉంటుంది. తర్వాత బార్ కౌన్సిల్‌లో నమోదు, ఆలిండియా బార్ పరీక్ష. ఏపీపీ పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకూ మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఈ రోజు నుంచి ఆరేడేళ్లు. ఇంట్లో ఆ ఓపిక, ఖర్చు ముందే మాట్లాడుకోండి. ప్రాక్టీసు మొదట్లో జూనియర్‌కు చేతికొచ్చేది తక్కువ.

పాత పుస్తకంలో ప్రతి సెక్షన్ పక్కనా పెన్సిల్‌తో కొత్త నంబరు రాయమనండి: 378 దగ్గర 303, 405 దగ్గర 316, 415 దగ్గర 318, 300 దగ్గర 101. సెలవు దొరికినప్పుడు టెక్కలి కోర్టులో ఓ పూట వెనక బెంచీలో కూర్చోనివ్వండి. మామూలు కేసుల విచారణ ఎవరైనా చూడవచ్చు. సాక్షిని ప్రాసిక్యూటరు ఏ ప్రశ్న వేస్తున్నారో, అది నేరంలోని ఏ అంశాన్ని రుజువు చేయడానికో నోట్‌బుక్‌లో రాసుకోమనండి.