ఊళ్లో వేరే మతాలవాళ్లతో గౌరవంగా మాటలు సాగాలంటే పాస్టర్‌గారు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: ఒడిశాలోని రాయగడ జిల్లాలో, గుణుపురం వైపు ఊళ్లో ఒక తెలుగు క్రైస్తవ సంఘం. చుట్టూ ఒడియా ఇళ్లు, సవర ఇళ్లు. జాతర చందా దగ్గరా ఉజ్జీవ సభల మైకు దగ్గరా మాటామాటా పెరిగింది. పాస్టర్‌గారు అన్ని పక్షాలనీ ఒకచోట కూర్చోబెడదామంటున్నారు, ఎలా?

కూర్చోబెట్టడం తర్వాత చూద్దాం, ముందు మీ మైకు సంగతి తేల్చుకోండి. ఆదివారం మైకులో ఒకలా, నెలకోసారి అన్ని పక్షాలూ కూర్చునే చాప మీద ఇంకోలా మాట్లాడితే ఆ చాప మీదికి రెండోసారి ఎవరూ రారు.

సరిహద్దు ఊళ్లలో ఒక చిక్కుంది. కోస్తా నుంచి మూడు రోజుల సభలకి వచ్చే ప్రసంగీకులకి అది తట్టదు. ప్రసంగం తెలుగులో సాగుతుంది, పక్కింటి ఒడియా కుటుంబానికి అందులో చాలా భాగం అందదు. కానీ విగ్రహం, దేవత, పూజ, పాపం, నరకం అనే మాటలు రెండు భాషల్లోనూ ఉన్నవే. ‘మనమందరం పాపులమే’ అన్న వాక్యం గాలికి పోయి, ‘పూజ’, ‘పాపం’ అన్న రెండు మాటలే పక్కపక్కన చెవిలో పడతాయి. పైగా ఒడియావాళ్లకి విగ్రహం అంటే గుళ్లో కొలువున్న స్వామే. ప్రసంగీకుడు రాతిబొమ్మ అనుకుని ఆ మాట అంటాడు, వినేవాళ్లకి వాళ్ల ఠాకూరుని తిట్టినట్టు వినిపిస్తుంది. అందుకే బయటినుంచి వచ్చేవారికి ముందురోజే ఒక కాగితం చేతికివ్వాలి. ఇక్కడి దేవతల పేర్లు ఎత్తకూడదు, ‘దయ్యాలు’ అనకూడదు, ‘అన్యులు’ అనకూడదు అని అందులో రాసి ఉండాలి. బైబిల్లో అన్యజనులంటే యూదులు కానివాళ్లు. ఆ లెక్కన మీ సంఘంలో ముందు బెంచీవాళ్లతో సహా అందరూ అన్యజనులే. పొరుగింటాయన్ని మాత్రమే ఆ పేరుతో పిలవడం సరికాదు.

సభలో విశ్వాసులు తమ అనుభవం చెప్పే సాక్ష్యాలకి ఒకే నియమం పెట్టండి: నాకేం జరిగిందో చెప్పొచ్చు, వాళ్లేం చేస్తారో చెప్పకూడదు. ‘తాగుడు మానాను, ఇంట్లో అన్నం దొరుకుతోంది’ అంటే ఎవరికీ నొప్పి లేదు. ‘మా అమ్మానాన్నలు చీకట్లో ఉన్నారు’ అంటే మాత్రం ఆ అమ్మానాన్నలు రెండిళ్ల అవతలే ఉంటారు, వింటారు. మనిషికి మూడు నిమిషాలు చాలు. నిడివి పెరిగేకొద్దీ సాక్ష్యం విమర్శలోకి జారుతుంది.

చెట్టుకి కట్టే గరాటు మైకులు తీసేసి, చర్చి లోపలికి తిరిగి ఉండే పెట్టె స్పీకర్లు రెండు పెట్టండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు వాడకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నియమం. ఇళ్ల మధ్య పగటి హద్దు 55 డెసిబెల్స్. గరాటు మైకు దీన్ని సులభంగా దాటేస్తుంది.

‘ఇలా నాలుక కట్టేసుకుంటే సువార్త మాటేమిటి?’ అని సంఘపెద్దలు తప్పకుండా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. పేతురు మొదటి పత్రిక 3:15 అందరికీ కంఠతా వచ్చు. జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న ఆ వచనంలోనే ‘సాత్వికముతోను భయముతోను’ అని ఉంది, మనవాళ్లు వల్లించేటప్పుడు ఆ ముక్క మింగేస్తారు. 2011లో వాటికన్, ప్రపంచ చర్చిల మండలి, ప్రపంచ ఎవాంజెలికల్ కూటమి కలిసి ఒక పత్రం ఇచ్చాయి. సాక్ష్యమివ్వడం మానమని అది చెప్పలేదు. మోసం, ప్రలోభం వద్దంది, ఎదుటివాళ్ల నమ్మకాల్ని వక్రీకరించి చెప్పొద్దంది. వాటికన్ పేరు చెబితే మొహం చిట్లించే బాప్టిస్టు, పెంతెకొస్తు పెద్దల దగ్గర ఆ మూడో పేరు పనికొస్తుంది.

ఇక కూడిక. చర్చిలో వద్దు, ఊరి అమ్మవారు ఠాకురాణి గుడి దగ్గరా వద్దు. బడి వరండాగానీ పంచాయతీ ఆఫీసుగానీ మేలు. పదీ పన్నెండు మందికి మించకూడదు. అందులో ఆడవాళ్లు కనీసం నలుగురు ఉండాలి, ఎందుకంటే బోరింగు దగ్గర రోజూ ఎదురుపడేది వాళ్లే. అందరికీ చాపలే. పాస్టర్‌గారికో సర్పంచ్‌కో కుర్చీ వేశారా, అది సభ అయిపోతుంది, మిగతావాళ్లు శ్రోతలైపోతారు. సమయం గంటన్నర, విషయాలు రెండే. తర్జుమా ఉంటే ఒకటే, ఎందుకంటే ప్రతి మాటా రెండుసార్లు నడవాలి. మీ మాటని ఒడియాలోకో సవరలోకో చెప్పే మనిషి అవతలి పక్షంవాడైతే మంచిది. మీ మనిషే చెబితే అతుకులు వేస్తున్నాడని అనుమానిస్తారు.

జవాబిచ్చే ముందు ఎదుటివాళ్లన్నది తిరిగి చెప్పాలి. వాళ్లు ‘అవును, అదే’ అన్నాకే మన మాట. మొదట్లో నవ్వులాటగా ఉంటుంది గానీ సగం తగాదా అక్కడే కరుగుతుంది. ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించండి. పొరుగు కంధమాల్‌లో 2007 డిసెంబరులోనూ 2008 ఆగస్టులోనూ మతం పేరిట జరిగిన హింస ఈ చుట్టుపక్కల ఎవరూ మరిచిపోలేదు. ఒక్క ముక్క వీడియో వాట్సాప్‌లోకి పోతే గంటన్నర శ్రమ వృథా.

ఆ రోజు దుప్పట్లు, బియ్యం, మందుల శిబిరం ఏవీ పెట్టకండి. ఒడిశా మత స్వేచ్ఛ చట్టం (1967) చెప్పే ప్రలోభంలో డబ్బూ వస్తువూ ఏ రకం లాభమైనా వస్తుంది, మీ ఉద్దేశం ఏదైనా చూసేవాళ్లకి అలాగే కనిపిస్తుంది. టీ ఖర్చు కూడా పంచుకోండి. బాప్తిస్మాల తేదీ దగ్గర్లో అసలే వద్దు. మతమార్పిడి క్రతువు జరిపేవారు 15 రోజుల ముందు కలెక్టరుకి తెలపాలని 1989 నియమాలున్నాయి, ఆ వ్యవహారం వేరు, ఈ చాప వేరు.

మెథడిస్టు మిషనరీ స్టాన్లీ జోన్స్ 1920ల్లో మన దేశంలోనే వేర్వేరు మతాలవాళ్లని ఇలా గుండ్రంగా కూర్చోబెట్టారు. వాదన వద్దు, మీ మతం మీ జీవితంలో ఏమిచ్చిందో చెప్పండి అన్నది షరతు. చదువుకున్నవాళ్ల మధ్య అది నడిచింది. పల్లెలో మొదటి కూడికలోనే లోపలి అనుభవం అడిగితే ఎవరూ నోరు విప్పరు. చందా, శ్మశానం, బోరింగుతో మొదలుపెట్టండి, దేవుడి మాట దానంతటదే వస్తుంది.

చందాకి ఒక దారుంది. రసీదు పుస్తకాలు రెండు వేయించమనండి: ఒకటి పూజకి, ఒకటి దీపాలు, తాగునీరు, వీధి శుభ్రానికి. సంఘం ఇళ్లు రెండో దాంట్లో మిగతావాళ్లతో సమానంగా ఇస్తాయి. రసీదు మీద దేనికోసమో రాసి ఉండాలి, లేకపోతే మరుసటేడు మళ్లీ ఇదే పేచీ.

ప్రసాదం ఇంతకంటే సున్నితం. ఒడియా పల్లెల్లో మహాప్రసాదం చేతిలో పెట్టుకుని నేస్తం కట్టుకునే ఆచారం ఉంది. ఆ జంట తర్వాత ఒకరినొకరు ‘మహాప్రసాద్’ అనే పిలుచుకుంటారు. అలాంటిచోట ‘నాకొద్దు’ అంటే నీ స్నేహం వద్దన్నట్టే. తినకూడదని మీ సంఘం నిర్ణయమైతే ఆ మాట పిలుపు వచ్చిన రోజే, ఇంటి పెద్దతో విడిగా, ‘వస్తాం, కూర్చుంటాం, టీ తాగుతాం, ప్రసాదం మాత్రం మా కట్టుబాటు’ అని చెప్పాలి. విస్తరి ముందు పెట్టాక చెబితే పదిమందిలో అవమానం. కొరింథీయులకు మొదటి పత్రిక 10వ అధ్యాయంలో పౌలు ఈ విషయమే విడమరిచాడు, పెద్దలందరూ కలిసి చదివి ఒకే మాట మీదికి రండి. ఒక పెద్ద తిని, ఇంకో పెద్ద మొహం తిప్పుకుంటే ఊరు రెండో ఆయన్నే గుర్తుపెట్టుకుంటుంది.

రెండో కూడిక నెల తిరక్కుండా పెట్టండి, ఈసారి చోటు అవతలివాళ్లు చెప్పాలి. వరికోతల్లో మాత్రం వద్దు, ఎవరూ రారు.