పాఠకుల సందేహాలు: తూటాలు నింపేటప్పుడు తుపాకీ మందుతో జాగ్రత్తలు

ప్రశ్న: మేము డాలస్‌లో స్థిరపడ్డాము, నాకు అమెరికా పౌరసత్వం ఉంది. షూటింగ్ రేంజిలో కాల్చిన 9 ఎం.ఎం. తూటాల కేసులను (ఖాళీ ఇత్తడి తొడుగులను) ఇంట్లోనే తిరిగి నింపుకోవడం ఈమధ్యే మొదలుపెట్టాను. మందు కొలిచే పరికరం పౌడర్ మెజర్‌తో పోస్తుంటే ఒక్కోసారి ఒక్కో తూకం వస్తోంది. ఎందువల్ల? మిగిలిన మందును అందులోనే ఉంచవచ్చా? ఇనుప బీరువాలో పెట్టి తాళం వేయమని ఒక మిత్రుడు చెబుతున్నాడు. అది క్షేమమేనా?

జవాబు: పౌడర్ మెజర్ మందును తూచదు, లోపలి గూటిలో పట్టినంత కొలిచి ఇస్తుంది. అందుచేత పైన హాపర్‌లో, అంటే మందు నింపే డబ్బాలో, మందు ఎంత ఉంది, అది ఎంతవరకు సర్దుకుంది, మీరు పిడిని ఎంత విసురుగా తిప్పారు అన్నవన్నీ తూకాన్ని మారుస్తాయి. హాపర్ సగానికి తగ్గకుండా చూసుకోండి. మొదట వచ్చే కొన్ని కొలతలను కేసుల్లో పోయకుండా తిరిగి హాపర్‌లోనే వేయండి. పిడిని ప్రతిసారీ ఒకే ఊపుతో తిప్పండి. ఆ తర్వాత కూడా పదింటికొకటి చొప్పున త్రాసు మీద తూచి చూడాలి. త్రాసును ముందుగా తూకపు బిళ్ళతో సరిచూసి, ఫ్యాన్ గాలీ ఏసీ గాలీ తగలని చోట పెట్టండి. పౌండుకు 7000 గ్రెయిన్లు, 9 ఎం.ఎం. కేసులో పోసేది కొద్ది గ్రెయిన్లే కనుక అర గ్రెయిన్ ఎక్కువైనా ఒత్తిడి ప్రమాదకరంగా పెరగవచ్చు. మోతాదును మందు తయారీదారు ప్రచురించిన పట్టిక నుంచే తీసుకోండి. అందులోని ప్రారంభ మోతాదుతోనే మొదలుపెట్టండి.

తూకంలోని చిన్న తేడా కంటే నేను ఎక్కువగా భయపడేది ఒకే కేసులో రెండుసార్లు మందు పడటానికి. కొన్ని పిస్టల్ మందులు ఎంత తక్కువ చోటు తీసుకుంటాయంటే, రెండు మోతాదులు పడినా కేసు అంచు దాటి పొంగవు. అసలు మందే పడకపోతే ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందును అంటించే చిన్న బిళ్ళ) శక్తి ఒక్కటే బుల్లెట్‌ను తుపాకీ గొట్టంలోకి తోసి అక్కడే ఇరికిస్తుంది. అది గమనించకుండా రెండో తూటా పేలిస్తే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. కాబట్టి మందు పోసిన కేసులను వరుసగా చెక్క పలకలో నిలబెట్టి, బుల్లెట్ కూర్చక ముందే టార్చి వెలుగులో ఒక్కొక్కదానిలోకీ తొంగిచూడండి. మందు మట్టం అన్నింటిలోనూ ఒకే ఎత్తులో కనిపించాలి. మధ్యలో ఫోను వస్తే పని ఆపండి. తిరిగి కూర్చున్నాక ఎక్కడ ఆపారో గుర్తులేకపోతే ఆ వరుసంతా ఖాళీ చేసి మళ్ళీ పోయండి.

మిగిలిన మందును హాపర్‌లో ఉంచవద్దు. మందు వెలుతురుకు పాడవుతుంది, కొన్ని రకాలు ప్లాస్టిక్‌ను తినేస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, మరునాడు అది ఏ రకమో తెలియదు. బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా ఉండాలి, పని ముగియగానే మందు అదే డబ్బాలోకి చేరాలి. ఏ రకమో సందేహం వస్తే వాడవద్దు, మరో డబ్బాలో కలపవద్దు.

బీరువా విషయంలో మీ మిత్రుని సలహా పాటించకండి. మీరు వాడే స్మోక్‌లెస్ పౌడర్ (పొగ తక్కువగా వచ్చే నేటి తుపాకీ మందు) ఆరుబయట అంటుకుంటే మండుతుందే గాని పేలదు. గాలి చొరని ఇనుప పెట్టెలో అంటుకుంటే వాయువులకు దారి లేక ఆ పెట్టే బాంబులా మారుతుంది. కంపెనీ డబ్బాలు ఒత్తిడికి త్వరగా విచ్చుకునేలా చేసినవి. వాటిలోనే ఉంచి, చల్లని పొడి చోట, పిల్లల చేతికి అందకుండా, ప్రైమర్లకు దూరంగా చెక్క బీరువాలో పెట్టండి. మూత తీస్తే ఘాటైన పుల్లని వాసన గాని, ఎర్రటి ధూళి గాని కనిపిస్తే ఆ మందు చెడిపోయినట్లే. ఈ మాటలేవీ పాతకాలపు నల్ల మందు అయిన బ్లాక్ పౌడర్‌కు వర్తించవు. దానికి చిన్న నిప్పురవ్వ చాలు.

వీసా మీద అమెరికాలో ఉన్న పాఠకులకు ఒక హెచ్చరిక. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ మందు, ప్రైమర్లు, కేసులు, బుల్లెట్లు విడిగా కూడా మందుగుండు కిందికే వస్తాయి. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప, వాటిని దగ్గర ఉంచుకోవడమే నేరం. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరమే.