కత్తెర లిఫ్ట్ పక్కకు ఒరిగిపోదా?

ప్రశ్న: మా అబ్బాయి మాల్‌లో ఏసీ డక్టులు బిగించే పనిలో చేరాడు. ఎక్స్ ఆకారపు ఇనుప కాళ్ల మీద లేచే లిఫ్ట్ ఎక్కి ఫొటో పంపాడు. పైనుంచి లాగే తాడు లేదు, పక్కన ఆసరా లేదు. అదెలా లేస్తుంది? ఒరిగిపోదా? చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, దాన్ని సిజర్ లిఫ్ట్ అంటారు. సైట్లలో వాటిని రిపేరు చేయడమే నా పని. బ్యాంకుల ముందు కొలాప్సిబుల్ గేటు చూసి ఉంటారు కదా, దాన్ని నిలువుగా నిలబెడితే ఈ లిఫ్టే. అడుగున ఒక కాలు పిన్నుతో బిగించి ఉంటుంది, రెండోది రోలరు మీద జరుగుతుంది. బ్యాటరీతో తిరిగే మోటారు ఆయిల్‌ని కాళ్లను నెట్టే సిలిండర్‌లోకి తోస్తే కాళ్లు దగ్గరపడి, ఎక్స్‌లన్నీ ఒకేసారి నిక్కుతాయి. కాళ్లు పడుకుని ఉన్నప్పుడే సిలిండర్‌కు అసలు కష్టం, అందుకే మొదట్లో మోటారు మూలుగుతుంది. దిగడానికి మోటారే అక్కర్లేదు. వాల్వు తెరిస్తే ఆయిల్ వెనక్కి వస్తుంది, బరువుకు అదే దిగుతుంది. ఆయిల్ గొట్టం (హోస్) పగిలినా సిలిండర్ దగ్గరి వాల్వు ఆయిల్‌ని పట్టి ఉంచుతుంది, దబ్బున పడదు.

విమానానికి భోజనాల ట్రాలీలు ఎక్కించే లారీ, వీల్‌చెయిర్ ప్రయాణికులను తలుపు దాకా లేపే బండి కూడా ఈ కాళ్ల మీదే లేస్తాయి.

ఇక ఒరగడం. మాల్స్‌లో ఎక్కువగా వాడే చిన్న రకం 19 అడుగులు లేస్తుంది, 227 కేజీలు మోస్తుంది. మనుషులు, పనిముట్లు, డక్టు ముక్కలు అన్నీ కలిపే ఆ లెక్క. ప్లాట్‌ఫాం లేవగానే చక్రాల మధ్య ఇనుప పట్టీలు నేలకు దగ్గరగా దిగుతాయి. చక్రం గుంతలో పడినా బండి వాటి మీద ఆగుతుంది. నేల వాలుగా ఉంటే అలారం మోగి, పైకి లేవనివ్వదు. ఆ అలారాన్ని వైరు తీసి ఆపేసే వాళ్లను చూశాను, నాకు ఒళ్లు మండుతుంది.

ఆరుబయట గాలితోనే పెద్ద భయం. 2010 అక్టోబరులో అమెరికాలోని నోటర్ డేమ్ యూనివర్సిటీలో, ఫుట్‌బాల్ ప్రాక్టీసు వీడియో తీస్తున్న విద్యార్థి లిఫ్ట్ కూలి చనిపోయాడు. ఆ గాలి గంటకు 80 కిలోమీటర్లు దాటింది. బయట వాడే లిఫ్టులకు సాధారణంగా 45 వరకే అనుమతి. మీ అబ్బాయి లోపలే ఉన్నాడు కాబట్టి ఆ భయం లేదు. కానీ లోపల వాడే రకాన్ని బయటికి తోలమంటే మాత్రం ఒప్పుకోవద్దని చెప్పండి.

అందకపోతే రైలింగ్ ఎక్కకూడదు, ప్లాట్‌ఫాం మీద నిచ్చెన వేయకూడదు. లేచేటప్పుడు తల మీది బీమును చూసుకోవాలి, రైలింగుకీ బీముకీ మధ్య నలిగిన వాళ్లున్నారు. అత్యవసరంగా దించే లివరు కింద, బండి అడుగుభాగంలో ఉంటుంది. అదెక్కడుందో తెలిసిన మనిషి కింద నిలబడితేనే పైకెక్కమనండి.