నీళ్లాడడం, నీళ్లు పోవడం

సందేహం: మా బిడ్డకు నెలలు నిండినయి. మా అత్తమ్మ ‘నీళ్లాడే పొద్దులు’ అంటది. నర్సమ్మ ‘నీళ్లు పోతే ఆగకుండ రండి’ అన్నది. పేపర్ల ‘నీరు పగలడం’ అని చదివిన. మూడూ ఒకటేనా? – ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: ఒకటి కావు. నీళ్లాడు అంటే మొదట స్నానం చేయడమే. జలకమాడులోని ‘ఆడు’వే ఇదీ. ప్రసవించడం తర్వాత చేరిన అర్థం. పోతన దశమస్కంధంలో నిండు చూలాలైన దేవకిని గురించి ‘నీళ్ళాడు ప్రొద్దులయ్యెను’ అని ఎత్తుకొని, ఆ మాటనే ఒక్క పద్యంలో పలుమార్లు తిప్పుతాడు. మీ అత్తమ్మ నోట ఉన్నది అదే పలుకుబడి. ‘ప్రొద్దు’లో రేఫ జారింది, అంతే. ఆమెను దిద్దబోకండి. స్నానానికీ కాన్పుకూ లంకె పురిటిస్నానం అని నాకు తోస్తుంది. కడుపు పండితే ‘నీళ్లు పోసుకుంది’ అంటాం కదా, అక్కడా స్నానమే. కాదు, కడుపులో బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీటి మీదనే పుట్టిందని ఎవరైనా అంటే పూర్తిగా కొట్టిపారేయను గానీ, ‘ఆడు’ అందుకు సులువుగా లొంగదు.

నర్సమ్మ చెప్పింది ఉమ్మనీరు. అన్నం ఉమ్మగిల్లిందంటామే, ఆ ఉమ్మే. ఇక పేపరు భాష! నీరు ఎక్కడైనా పగులుతుందా తల్లీ? పగిలేది సంచి, నీరు పోతుంది. ఒక్కసారే బొళ్లున పోవచ్చు, చుక్కచుక్కగా బట్ట తడుపుతూనూ ఉండవచ్చు. మూత్రమనుకొని ఊరుకుంటారు; మూత్రాన్ని బిగబట్టవచ్చు, ఇది ఆగదు. నొప్పులు లేకున్నా బయలుదేరాలి, సంచి చిట్లాక లోపలికి క్రిములు చేరతాయి. నీరు తేటగా ఉండాలి. ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే బిడ్డ లోపలే మలం విడిచిందన్నమాట, క్షణం జాగు చేయరాదు.

కాన్పు నొప్పుల్లా తోచే ఉత్తుత్తి నొప్పులకు ‘దొంగనొప్పులు’ మంచి మాట, పోగొట్టుకోకండి. వరస లేకుండా వచ్చి, పడుకుంటేనో నాలుగడుగులు వేస్తేనో సద్దుమణుగుతాయి. అసలువి చాలామందికి నడుములో లేచి పొత్తికడుపుకు చుట్టుకుంటాయి, ఎడం తగ్గుతూ బలం పెరుగుతూ వస్తాయి. అయిదేసి నిమిషాలకు, నిమిషంపాటు, గంటసేపు అలాగే వస్తే ఆస్పత్రికి పోవాలి. ఊరు దూరమైతే, తొలికాన్పు కాకపోతే ఆ గంటా ఆగవద్దు. నెత్తుటి చారతో జిగట పడడం ఒకటి రెండు రోజుల ముందూ ఉంటుంది. నెత్తురే ధారగా పోయినా, బిడ్డ కదలిక తగ్గినా, 37 వారాలు నిండకముందే నొప్పులు లేచినా 108కి చెప్పాలి.

పురుడు కాన్పుకూ చెల్లుతుంది, ఆ తర్వాతి మైలకూ చెల్లుతుంది. నీళ్లాడు, నీళ్ళాడు రెండూ ఒప్పే. అచ్చులో నేను మొదటిదే రాస్తాను.